నా మీద నడిచిన నూకరాజు

నేను ఒక బల్లను. బల్ల అనగానే నాలుగు కాళ్ళూ, పైన పూలగుడ్డా, దాని మీద కాఫీ గ్లాసూ ఊహించుకునేరు. అంత వైభోగం నాకెక్కడిది! నాకు అసలు కాళ్ళే లేవు. ఒక కొస నేల మీద, ఇంకో కొస లారీ తొట్టి అంచు మీద ఆనించి నన్ను ఏటవాలుగా పడుకోబెడతారు. భుజాన బస్తా వేసుకున్న మనిషి నన్ను తొక్కుకుంటూ పైకి వెళ్ళి, బస్తా దించి, మళ్ళీ నన్నే తొక్కుకుంటూ కిందికి వస్తాడు. మండపేట చుట్టుపక్కల రైసుమిల్లుల్లో నాలాంటి బల్లలు చాలానే ఉన్నాయి. నోరున్నదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను.

నా పుట్టుక రంపచోడవరం అడవిలో. నల్లమద్ది జాతి. నన్ను కోసి, చిత్రిక పట్టి, కాలు జారకుండా అడ్డపట్టీలు కొట్టింది సూరాచారి అనే వడ్రంగి. అప్పట్లో ధాన్యమంతా కాలవల మీద పడవల్లో వెళ్ళేది. నేను మొదట పడవకీ గట్టుకీ మధ్య వేసే బల్లను. కింద నీళ్ళు, పైన మనుషులు, మధ్యలో నేను. రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి, పడవ కాస్తా వంటచెరకైంది. నన్ను కూడా పొయ్యిలో పెట్టేవారే గానీ, మిల్లు కట్టిస్తున్న షావుకారు చూసి, "చెక్క గట్టిదిరా, తగలెయ్యకండి" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఈనాటికీ ఆయన్ని తలుచుకుంటాను.

ఆయన తరవాత ఆయన కొడుకు, ఆ కొడుకు తరవాత మనవడు మిల్లుకి యజమానులయ్యారు. ముగ్గురూ వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతారు: "ఈ మిల్లు మా రెక్కల కష్టమండీ." ఆ రెక్కలు ఎలా ఉంటాయో నాకు తెలీదు. ఆ ముగ్గురిలో ఒక్కరి పాదమైనా బస్తాతో నా మీద పడిన పాపాన పోలేదు.

మనుషుల ముఖాలు నాకు అంతగా ఆనవు. బాగా తెలిసేది అరికాలే. ఎవడు రాత్రి తాగాడో, ఎవడు ఇంట్లో పోట్లాడి వచ్చాడో, ఎవడికి కొత్తగా పెళ్ళయిందో, కాలు మోపిన తీరును బట్టి చెప్పెయ్యగలను. అలా తెలిసిన పాదాల్లో నేను ఎక్కువ ఇష్టపడ్డది నూకరాజు పాదాన్ని. ఇది నా కథ అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే అతని కథే.

నూకరాజు మీసాలు మొలుస్తున్న వయసులో వచ్చాడు. వాళ్ళ నాన్న నడుం విరిగి మంచాన పడితే, ఆయన చోట్లో ఇతన్ని జట్టులోకి తీసుకున్నారు. జట్టు అంటే మిల్లులో బస్తాలు ఎత్తి దించే కూలీల గుంపు. దానికొక మేస్త్రి. జట్టులో చోటు ఇంటికి ఒకటి. తండ్రి తప్పుకుంటే కొడుకు, అన్న తప్పుకుంటే తమ్ముడు రావాలి. బయటివాణ్ణి చచ్చినా రానివ్వరు. రాజుల సింహాసనం తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తుందో చాలాసార్లు విన్నాను. బస్తా కూడా అచ్చం అలాగే వస్తుంది. తేడా ఏమిటంటే, దీనికోసం అన్నదమ్ములు పొడుచుకోరు.

అప్పుడు బస్తా అంటే క్వింటా బస్తా. దాన్ని భుజాన వేసుకుని ఆ కుర్రాడు మొదటిసారి ఎక్కినప్పుడు నేను భయపడ్డాను, ఎక్కడ జారిపోతాడోనని. జారలేదు. కుడికాలు ముందు వేసి, మడమ గట్టిగా ఆన్చి, ఊపిరి బిగబట్టి పైకి వెళ్ళాడు. దిగేటప్పుడు పరుగే. ఆ పరుగుకి నేను కిందికీ పైకీ ఊగేదాన్ని. జట్టులో పెద్దవాళ్ళు, "ఒరే, బల్ల ఇరిగిపోద్దిరా, నెమ్మదిగా" అని కేకలేసేవారు. వాళ్ళ బెంగంతా బల్ల విరుగుతుందనే!

తరవాత పైనుంచి ఎవరో పెద్ద మనసు చేసుకుని, మనిషి క్వింటా మొయ్యకూడదు, యాభై కిలోల బస్తాలే ఉండాలన్నారు. ఆ రోజు జట్టంతా పండగ చేసుకుంది. నాలుగు రోజులు పోయాక అసలు సంగతి తెలిసింది. బస్తా సగమైంది గానీ సరుకు సగం కాలేదు. లారీ నిండాలంటే నా మీద రెట్టింపు సార్లు ఎక్కాలి, రెట్టింపు సార్లు దిగాలి. భుజం కాస్త ఊపిరి పీల్చుకుంది, కాళ్ళకి చాకిరీ పెరిగింది. కాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

నా సంగతి మాత్రం బాగా ఆలోచించేవారు. ఏటేటా వడ్రంగి వచ్చి అరిగిన అడ్డపట్టీలు ఊడదీసి కొత్తవి కొట్టేవాడు. నడుమ కాస్త వంగుతున్నానని తెలియగానే కింద ఇనప ముక్కాలి తెచ్చి పెట్టారు. కొసల్లో రేకు తొడిగారు. ఎండాకాలం నూనె పూశారు. నా మీద నడిచే మనిషిలో ఏం అరుగుతోందో చూసినవాడు లేడు. నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

నూకరాజు నడక మారడం మొదట తెలిసింది నాకే. కుడి మడమ మునుపటిలా గట్టిగా ఆనడం లేదు. వేళ్ళు సూటిగా పడాల్సింది పోయి పక్కకి తిరిగి పడుతున్నాయి. ఆ కాలి మీద ఎంత తక్కువసేపు నిలబడితే అంత మేలన్నట్టు, బరువంతా గబుక్కున ఎడమకాలి మీదికి తోసేస్తున్నాడు. పొద్దున్నే మొదటి బస్తా అప్పుడు మరీ ఎక్కువ. కాసేపు తిరిగాక కొంచెం సర్దుకునేది. మధ్యాహ్నం అన్నం తిని లేచాక మళ్ళీ మొదటికి వచ్చేది.

మధ్యాహ్నం అన్నాలకి నన్ను లారీ మీంచి దింపి, రెండు ఇటుకల మీద పెట్టి, నా మీదే వరసగా కూర్చునేవారు. అందుకే వాళ్ళ కబుర్లన్నీ నాకు తెలుసు.

"మోకాలు సలుపుతుందిరా బావా" అన్నాడు నూకరాజు ఒకనాడు, తన జోడీగా బస్తా పట్టే ఏసోబుతో.

"వాతం. సత్తేణి చేత ఆవనూనె మర్దనా చేయించు" అన్నాడు ఏసోబు.

సత్తేణి అంటే సత్యవేణి, నూకరాజు భార్య. మిల్లు కళ్ళంలో ధాన్యం ఎండబోస్తుంది. పాపం, ఆమె నూనె కాచి ప్రతి రాత్రీ మోకాలికి మర్దనా చేసేది. మోకాలికి గుడ్డ కట్టేది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు మోకాలికే సూదులు పొడిచాడు. ఎవరో చెబితే మోకాలికి జిల్లేడాకు కూడా కట్టారు. ఆ మోకాలికి జరిగిన సేవ పెళ్ళికొడుక్కి కూడా జరగదు. నొప్పి మాత్రం అంగుళం కదల్లేదు.

జట్టు మేస్త్రి ధర్మరాజు మంచివాడు. నూకరాజుని చేత్తో పట్టుకుని పని నేర్పినవాడు. అతనికో నమ్మకం ఉంది: పనిచేసే ఒంటికి వాతం నిలవదని. "కీలు పట్టేసిందిరా అంతే. ఊరుకుంటే ఇంకా బిగిసిపోద్ది. బరువేస్తే అదే వదులుద్ది" అని, తడి ధాన్యం వచ్చినప్పుడు బరువు బస్తాలు ఏరి మరీ నూకరాజు భుజాన పెట్టించేవాడు. నిజంగా ప్రేమతోనే. నూకరాజు కూడా అదే నమ్మి పళ్ళు బిగించి ఎక్కేవాడు. అతను అడుగు వేసినప్పుడల్లా నా పట్టీల మీద ఆ కాలు సన్నగా వణికేది. నాకు నోరుందన్నాను గానీ, వాళ్ళకి వినబడే నోరు కాదది.

చివరికి సత్యవేణి పోరు పడలేక, ఒకరోజు పని మానుకుని కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాడు. మర్నాడు అన్నాల దగ్గర జట్టులో అందరూ అడిగారు. "ఏం లేదు, వాతవేనంట. మాత్తర్లిచ్చేడు" అన్నాడు. "మరి మోకాలు ఫొటో తీసేరా?" అంటే, "తీసేరు" అని మాట తప్పించాడు.

అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక సత్యవేణి వచ్చి అతని పక్కన కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు.

"మోకాలు కాదని చెప్పేడు కదా ఆ డాక్టరు బాబు. తుంటంట. తొడెముక గుండు తిరిగే గిన్నె ఉంటదంట, దాంట్లో మెత్తన అంతా అరిగిపోయిందంట. ఎముకా ఎముకా రాసుకుంటన్నాయంట. ఆళ్ళకెందుకు చెప్పవు మావా?"

"నెమ్మదిగా మాటాడు."

"చిన్నప్పట్నించీ బరువులేసుకుని ఎక్కీ దిగీ అలాగయ్యిందన్నాడు. ఇంకా మోస్తే మొత్తం పోద్దన్నాడు. కీలు మార్చాలన్నాడు. అప్పటిదాకా బస్తా ముట్టుకోవద్దన్నాడు. నా చెవులతో విన్నాను."

"ఇన్నావు కదా. నేను మానేస్తే ఆ మర్నాడు ఏమవుద్దో కూడా చెప్పు."

సత్యవేణి ఖాళీ గిన్నెలు సర్దసాగింది.

"ఈరబాబుని రమ్మంటారు. నాన్న నడుం పడిపోతే నన్ను తెచ్చి ఎక్కించలేదా? మా నాన్న ఏడుస్తానే ఎక్కించేడు. ఆడి కరెంటు పని సదువు ఇంకా అవ్వలేదు. పూర్తయ్యి ఎక్కడన్నా కుదురుకునేదాకా నా కాలు ఆగాలి. ఆడి కాలు మటుకు ఈ బల్ల మీద పడకూడదు."

వీరబాబు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు. ఇన్నాళ్ళూ నూకరాజు నా మీద ఎక్కుతున్నది కడుపు కోసమే అనుకున్నాను. ఆ కుర్రాడు ఎక్కకుండా అడ్డంగా నడుస్తున్నాడని ఆ పూట తెలిసింది. నా మీద పడకూడని పాదం కోసం అంత బాధ భరించిన మనిషి మీద నాకు జాలి వేసింది. నేను అంత చెడ్డదాన్నా అని కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

అక్కణ్ణించి అతను దాచడం మొదలుపెట్టాడు. అందరూ అన్నం తిని లేచాక గానీ లేచేవాడు కాదు, తను లేచే తీరు ఎవరైనా చూస్తారని. గొంతుక్కూర్చోవడం మానేశాడు. చెప్పులు కాలితోనే తడుముకుని తొడుక్కునేవాడు. ఎక్కేటప్పుడు, చూసేవాళ్ళుంటే, పాట కూనిరాగం తీసేవాడు. పాటకీ పాటకీ మధ్య పళ్ళు నూరుకునే చప్పుడు నాకు వినిపించేది. ఒకసారి పూర్తిగా పక్కకి తిరిగి, పీతలా అడ్డడుగులు వేస్తూ ఎక్కాడు. "ఏంటి బావా ఆ నడక?" అని ఏసోబు అడిగితే, "కొత్త పేషను" అని నవ్వాడు. ఏసోబు నవ్వలేదు.

దసరా వచ్చింది. మా మిల్లులో మహర్నవమి నాడు నాదే రాజ్యం. నన్ను బోరింగు దగ్గర కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నా ముందు కొబ్బరికాయ కొడతారు. ఏడాది పొడుగునా తొక్కి, ఒక్కరోజు దణ్ణం పెట్టడం మనుషులకి మామూలే. పూజయ్యాక పెద్దవాడి దగ్గర్నించి చిన్నవాడి దాకా వరసగా ఒక్కొక్కరూ ఒక్కో బస్తా మోసుకుని నా మీద ఎక్కి, లారీలో పెట్టి, మళ్ళీ నా మీదనుంచే దిగాలి. ఎక్కి దిగినవాడు ఆ ఏటికి జట్టు మనిషి. ఎక్కలేనివాడు చోటు వదులుకోవాలి, అతని ఇంటి నుంచి ఇంకొకరు ఎక్కి దిగాలి. ఒకసారి అలా ఎక్కి దిగాక కాదంటే కుదరదు, అమ్మవారి ముందు ఒప్పుకున్నట్టే. ఆ రోజు పెళ్ళాం పిల్లలు కూడా కొత్త బట్టలు కట్టుకుని చూడ్డానికి వస్తారు.

ఆ పొద్దున్న, పూజకి ముందు, నన్ను కడుగుతూ ధర్మరాజూ ఏసోబూ గుసగుసలాడుకున్నారు.

"ఆడు ఎక్కలేడు బాబాయ్. నిన్న మెట్టు దిగలేక గోడ పట్టుకున్నాడు."

"తెలుసురా. నేను గుడ్డోణ్ణా? నావల్లే కదా, బరువేస్తే వదులుద్దని..." మేస్త్రి ఇంకో చెంబుడు నీళ్ళు నా మీద గుమ్మరించాడు. "ఆడి బస్తా నేను కట్టేను. లోపలంతా ఊక. పైన రెండు దోసిళ్ళ బియ్యం. ఎవరికీ తెలీదు. ఈ ఏడు గడిచిపోద్ది."

ఊక అంటే తెలుసు కదా, ధాన్యం మీది పొట్టు. బస్తాడు ఊకని చంటిపిల్లాడిలా ఎత్తుకోవచ్చు. నాకా ఆలోచన నచ్చింది. వాళ్ళూ నేనూ ఒకటి మరిచిపోయాం. మొయ్యడం అలవాటైన ఒళ్ళు బస్తాని చూడగానే ముందే బిగుసుకుంటుంది.

నూకరాజు వంతు వచ్చింది. ఏసోబూ మేస్త్రీ చెరోపక్కా పట్టి బస్తా ఎత్తారు, ఎంతో బరువున్నట్టు మూలుగుతూ. నూకరాజు కుడికాలు నా మీద మోపి, యాభై కిలోలకీ సరిపడా బిగబట్టి భుజం ఇచ్చాడు. ఆ పైన బరువు లేకపోయేసరికి ఒళ్ళు ఒక్కసారి పైకి లేచి, నడుం అటు తిరిగి, కుడి తుంటి మెలికపడింది. రెండడుగులు తూలాడు. పడిపోలేదు. మధ్యలో ఆగిపోయాడు. భుజం మీది బస్తా కుట్టు సడలి, ఊక నా పసుపు మీద జలజలా రాలింది.

లారీ డ్రైవరు పైఊరివాడు, అతనికి సంగతేం తెలుసు? పగలబడి నవ్వాడు. "ఊక బస్తాకే ఊగిపోతున్నాడు, ఇతనేం జట్టండీ!" అన్నాడు.

నూకరాజు వెనక్కి నడుచుకుంటూ దిగాడు. బస్తా నేలమీద పెట్టాడు. "మీకు తెలుసా?" అన్నాడు.

"అందరికీ తెలుసురా" అన్నాడు ధర్మరాజు. "నువ్వు దాత్తన్నావని మేం దాచేం."

నూకరాజు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "అయితే నా చోటు తీసెయ్యండి. మా ఇంటి నుంచి ఎవడూ రాడు" అన్నాడు. ఆ మాట అని తేలిక పడినట్టే ఉంది అతని నిలబడ్డం.

అప్పుడు నా మీద ఒక కొత్త పాదం పడింది.

మెత్తని పాదం. బూట్లలో పెరిగింది, పగుళ్ళు లేవు. దానిమీద నిజమైన బస్తా బరువు ఉంది. వీరబాబు! తండ్రిని చూసి నవ్విన నవ్వుని తట్టుకోలేక కొత్త చొక్కా విప్పి తల్లి చేతిలో పడేసి, అటుపక్కనున్న ఇద్దరి చేత బస్తా ఎత్తించుకున్నాడు. కుడికాలు ముందు వేశాడు. మడమ గట్టిగా ఆన్చాడు. అచ్చం వాళ్ళ నాన్న మొదటి రోజు నడకే. వణుకుతూనే ఎక్కాడు, జారలేదు. జట్టంతా ఈలలు వేసింది, ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. "నూకరాజు రత్తం రా!" అని ఎవరో అరిచారు. వాళ్ళందరికీ అది గొప్ప. నాకు మాత్రం కొత్తగా కొట్టిన పట్టీలన్నీ పీకేసినంత బాధ కలిగింది. ఇన్నేళ్ళూ ఆ మనిషి దేనికి భయపడ్డాడో అది ఈలల మధ్య జరిగిపోతోంది. దానికి దారి వేసింది అతన్ని ప్రేమించినవాళ్ళే.

కుర్రాడు లారీలో బస్తా దించాడు. చెమట తుడుచుకున్నాడు. దిగడానికి నా పై కొస మీద కాలు మోపాడు.

నూకరాజు నా మీద కూర్చున్నాడు.

కూర్చోవడమంటే మామూలుగా కాదు. నా కింది కొసన, దారికి అడ్డంగా, కుడికాలు చాపుకుని, చేతులతో రెండంచులూ పట్టుకుని కూలబడ్డాడు. అంత కిందికి కూర్చుంటే తనంతట తాను లేవలేడని అతనికి తెలుసు.

"లెగు నాన్నా, దిగాలి" అన్నాడు వీరబాబు పైనుంచి.

"దిగు. ఇటు కాదు. లారీ అటేపు నుంచి దూకు."

"ఎక్కేసేను కదా నాన్నా. నేను చేత్తాను. నువ్వింక మోయొద్దు."

"ఎక్కేవు. దిగలేదు. ఇటునుంచి దిగితే జట్టు మనిషివి. మా నాన్న ఏడుస్తా నించున్నాడు గానీ, అడ్డంగా కూకోలేదురా. నేను కూకున్నాను. నన్ను తొక్కుకుని దిగుతావా?"

ధర్మరాజు వచ్చి, "రాజూ, అమ్మోరి ముందు అపచారంరా, లెగు" అన్నాడు. నూకరాజు తల అడ్డంగా తిప్పాడు. షావుకారు మనవడు కుర్చీలోంచి లేచి, ముహూర్తం దాటిపోతోందన్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. సత్యవేణి కొడుకు చొక్కా గుండెలకి హత్తుకుని లారీ అవతలి పక్కకి నడిచి వెళ్ళింది. "దూకరా నాన్నా. నేనిక్కడున్నాను, దూకు" అని పిలిచింది.

చాలాసేపు ఆ కుర్రాడి బరువు నా పై కొసనే ఉంది. తరవాత తేలికైంది. లారీ అవతల పెద్ద చప్పుడుతో రెండు పాదాలు నేలమీద పడ్డాయి.

ఆ ఏడు జట్టులో ఒక చోటు ఖాళీగా మిగిలింది. అమ్మవారు ఏమీ అనలేదు. నూకరాజు కీలు మార్పించుకున్నాడా, వీరబాబు ఎక్కడ కుదురుకున్నాడు అని మీరు అడుగుతారు. నాకు తెలీదు. నా దగ్గరికి రాని పాదాల సంగతి నాకెలా తెలుస్తుంది? తెలియకపోవడమే మంచి కబురని అనుకుంటూ, ఈ గోడకి చేరబడి ఉంటాను.

ఆ రోజు నాకు తెలిసింది ఇంకొక్కటే. కుర్రాడు దూకేశాక నూకరాజు లేవబోయి లేవలేకపోయాడు. ఏసోబు ఒక పక్క, ధర్మరాజు ఒక పక్క చంకల కింద చేతులేసి, బస్తా ఎత్తే లాఘవంతో పైకి ఎత్తబోయారు. అప్పుడు అతను, ఇన్నేళ్ళలో మొదటిసారి, నలుగురూ వినేలా అరిచాడు.

"నెమ్మదిగా ఎత్తండ్రా... నెప్పి!"